ఎనభైల హెవీ మెటల్: గెయిన్ పెంచితే ఆ బరువు రాదు (అపోహలు - వాస్తవాలు)

పోయిన ఆదివారం ఒక అబ్బాయి మూడు పెడల్స్ (గిటార్ ధ్వనిని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు) ఉన్న సంచి భుజాన వేసుకుని పాఠానికి వచ్చాడు. "సార్, మెటాలికా ఆల్బమ్ 'మాస్టర్ ఆఫ్ పపెట్స్'లో ఉన్న సౌండ్ రావడం లేదు. ఇంకో పెడల్ కొనమంటారా?" అని అడిగాడు. అప్పటికే ఆంప్లిఫయర్ గెయిన్ (శబ్దాన్ని గరగరలాడించే మీట) చివరిదాకా తిప్పి ఉంది, మూడు పెడల్స్‌లో డిస్టార్షన్ (ఆ గరగర) కూడా అంతే. గిటార్ నేర్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. నెలకు ఒకరైనా ఇదే ప్రశ్నతో వస్తారు, వచ్చేసరికే వేల రూపాయలు ఖర్చు పెట్టేసి ఉంటారు. అందుకే ఈ ఒక్క విషయం వివరంగా రాస్తున్నాను.

అపోహ: డిస్టార్షన్ ఎంత ఎక్కువైతే మెటల్ అంత బరువుగా వినిపిస్తుంది.

వాస్తవం: గెయిన్ ఒక హద్దు దాటితే గిటార్ పలచబడిపోతుంది. మెల్లగా మీటినా గట్టిగా మీటినా శబ్దం ఒకే స్థాయిలో వస్తుంది. పిక్ (తీగ మీటే చిన్న పలక) తీగను తాకినప్పుడు వినిపించాల్సిన 'టక్' అనే దెబ్బ మాయమవుతుంది. తీగ ఆగిపోవాల్సిన చోట రొద నిండుతుంది. రిఫ్‌కు (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరసకు) ఆకారాన్నిచ్చేది దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉండే ఆ చిన్న నిశ్శబ్దమే. అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి పామ్ మ్యూట్ చేసేది దానికోసమే. మృదంగం నేర్చుకున్నవారికి ఇది చెప్పనక్కర్లేదు. చేయి ఆనించి మూసిన దెబ్బ పక్కన ఉంటేనే తెరిచిన దెబ్బ మోగుతుంది.

'మాస్టర్ ఆఫ్ పపెట్స్' 1986 మార్చిలో విడుదలైంది. కోపెన్‌హాగెన్‌లోని స్వీట్ సైలెన్స్ స్టూడియోలో నిర్మాత ఫ్లెమింగ్ రాస్ముసెన్‌తో కలిసి దాన్ని రికార్డు చేశారు. రిథమ్ గిటార్ల భారమంతా బ్యాండ్ గాయకుడు, గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్‌దే. ఒకే రిఫ్‌ను మళ్లీ మళ్లీ వాయించి ఒకదాన్ని ఎడమవైపు, మరొకదాన్ని కుడివైపు పెట్టారు. అవి వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి కాబట్టి మనకు గోడలా వినిపిస్తుంది. టైటిల్ పాట వేగం నిమిషానికి 200 బీట్లు దాటుతుంది. ఆ ప్రధాన రిఫ్‌ను ఆయన డౌన్‌స్ట్రోక్‌లతోనే (పిక్‌తో పైనుంచి కిందికి మాత్రమే మీటుతూ) లాక్కెళ్తాడు. గదిలో ఒక్క గిటార్ పట్టుకుని కూర్చున్నవారికి ఆ గోడను ఏ పెడలూ ఇవ్వలేదు.

అదే ఏడాది అక్టోబరులో స్లేయర్ బ్యాండ్ ఆల్బమ్ 'రెయిన్ ఇన్ బ్లడ్' వచ్చింది. పది పాటలూ కలిపి 29 నిమిషాలకు మించవు. నిర్మాత రిక్ రూబిన్ ప్రతిధ్వనినిచ్చే రివర్బ్‌ను దాదాపు తుడిచేశాడు. అంత వేగంలో ప్రతిధ్వని కూడా చేరితే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి బురదైపోతాయి. ఇక ఏసీ/డీసీ బ్యాండ్ 'బ్యాక్ ఇన్ బ్లాక్' (1980) వినండి. అది మెటలా, హార్డ్ రాకా అన్న వాదన తర్వాత పెట్టుకోవచ్చు. ఆ బ్యాండ్ రిథమ్ గిటారిస్టు మాల్కమ్ యంగ్ గిటార్‌లో డిస్టార్షన్ ఎంత తక్కువో, దెబ్బ ఎంత గట్టిదో మాత్రం గమనించండి.

పెడల్స్ సంగతికి వస్తే, ఎనభైల ధ్వని కోసమని మా విద్యార్థులు కొనుక్కొచ్చే మెటల్ జోన్ అనే పెడల్ అసలు మార్కెట్లోకి వచ్చిందే 1991లో. ఆ దశాబ్దంలో చాలామంది గిటారిస్టులు మార్షల్ ఆంప్లిఫయర్ ముందు ట్యూబ్ స్క్రీమర్ అనే పెడల్ పెట్టేవారు. అందులోనూ డ్రైవ్ (గరగర) బాగా తగ్గించి, లెవెల్ (శబ్ద స్థాయి) పెంచేవారు. బాస్ (కిందిస్థాయి ధ్వని) కాస్త కోసేసి ధ్వనిని బిగించడం దాని పని. మిడ్‌ను (మధ్యస్థాయి ధ్వనిని) సున్నాకు దించే అలవాటు కూడా మానండి. ఒంటరిగా వాయించుకుంటే బాగానే ఉంటుంది. బ్యాండ్‌లో కిందిభాగం బేస్ గిటార్, డ్రమ్స్ తీసుకుంటాయి, పైభాగం సింబల్స్ తీసుకుంటాయి. మీ గిటార్ ఎవరికీ వినిపించదు.

నేను పందొమ్మిదేళ్లప్పుడు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బంతా ఇలాంటి పెడల్‌కే పెట్టాను. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ బ్యాండ్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వస్తే హైదరాబాద్ నుంచి రాత్రి రైలెక్కి వెళ్లాను. ముగ్గురు గిటారిస్టులు ఒకేసారి వాయిస్తుంటే ఎవరి స్వరం వారిదిగా విడివిడిగా వినిపించింది. అంత పెద్ద మైదానంలో అంత స్పష్టత నేను ఊహించలేదు. తిరుగు రైల్లో నిద్ర పట్టలేదు. ఇంటికి రాగానే గెయిన్ సగానికి తగ్గించాను. తప్పులన్నీ బయటపడ్డాయి. వాటిని దిద్దుకోవడానికి ఏడాది పట్టింది.

ఇంకొకటి, మూసిన గదిలో వాల్యూమ్ పెంచి గంటలకొద్దీ సాధన చేయకండి. పనిచేసేవారి ఆరోగ్యంపై పరిశోధించే అమెరికా సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దానికి పరిమితి రోజుకు 8 గంటలైతే, 100 డెసిబెల్స్‌కు 15 నిమిషాలే.

అపోహ: ఇది దెయ్యాల సంగీతం, పిల్లల్ని చెడగొడుతుంది.

ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, కూతురి టీషర్టు మీద పుర్రె బొమ్మ ఉందని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఆమె భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఆ భయాన్ని పెంచే వాట్సాప్ పుకార్ల మీదే నా కోపం. ఐరన్ మెయిడెన్ 'ద నంబర్ ఆఫ్ ద బీస్ట్' (1982) టైటిల్ పాట ఆ బ్యాండ్ బేస్ గిటారిస్టు స్టీవ్ హారిస్‌కు వచ్చిన పీడకల నుంచి పుట్టింది. అదే ఆల్బమ్ చివరి పాటలో ఉరికంబం కోసం ఎదురుచూసే ఖైదీ మరణం గురించి ఆలోచిస్తాడు. ట్విస్టెడ్ సిస్టర్ బ్యాండ్ పాట ఒకదాని మీద హింసాత్మకమన్న ఆరోపణ వస్తే, అది గొంతు శస్త్రచికిత్స భయం మీద రాసిందని గాయకుడు డీ స్నైడర్ 1985 సెప్టెంబరు 19న అమెరికా సెనేట్ విచారణలో వివరించాడు. ఓజీ ఆస్బర్న్ 'సూసైడ్ సొల్యూషన్' తాగుడు మనిషిని ఎలా చంపుతుందో చెప్పే పాట. దాని మీద వేసిన దావాను కోర్టు కొట్టేసింది. అమ్మా, మీ అమ్మాయి తిండి మానేసినా, స్నేహితులకు దూరమైనా పాటలు ఆపించే ముందు పక్కన కూర్చుని మాట్లాడండి. అవసరమైతే డాక్టరుకు చూపించండి. టీషర్టు గురించి మాత్రం బెంగ వద్దు.

మిగిలిన అపోహలు

మెటల్ వాళ్లకు సంగీతం రాదంటారు. ఓజీ ఆస్బర్న్ ఆల్బమ్ 'బ్లిజార్డ్ ఆఫ్ ఓజ్' (1980)లో తల్లి పేరు మీద గిటారిస్టు రాండీ రోడ్స్ వాయించిన 'డీ' వినండి, నిమిషం కూడా పట్టదు. మెటాలికా 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' (1988)లో బేస్ వాయించలేదన్నది అబద్ధం. జేసన్ న్యూస్టెడ్ వాయించాడు, మిక్స్‌లో దాన్ని అణిచేశారు. అన్నీ ఒకేలా ఉంటాయనేవారు జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ 'బ్రిటిష్ స్టీల్' విని, వెంటనే 'రెయిన్ ఇన్ బ్లడ్' పెట్టుకోండి.

ఆ ఆదివారం అబ్బాయి చేత పెడల్స్ అన్నీ తీయించాను. గెయిన్ సగానికి దించి, తాళం వేసే మెట్రోనోమ్‌ను నిమిషానికి 100 బీట్ల మీద పెట్టి, ఒక్క మందపు తీగ మీద డౌన్‌స్ట్రోక్, పామ్ మ్యూట్ మాత్రమే వాయించమన్నాను. మొదటి పది నిమిషాలు ముఖం ముడుచుకుని వాయించాడు. అరగంటకు చేయి నొప్పి పుట్టి ఆపేశాడు, కానీ ఆపే ముందు నాలుగు బార్లు (తాళపు ఆవర్తాలు) ఒక్క రొద లేకుండా వచ్చాయి. నా ముఖంలోకి చూశాడు. ఇద్దరమూ ఏమీ మాట్లాడలేదు. పెడల్స్ సంచి ఇంకా మా గదిలోనే ఉంది.