సార్వా, దాళ్వా, పదకొండు నెలలు: డెల్టాలో కౌలు గడువు ఎలా మారుతూ వచ్చింది

గోదావరి డెల్టాలో కౌలు మాట్లాడుకునేటప్పుడు తారీకులు పెద్దగా వినిపించవు. "సార్వాకి ఇన్ని బస్తాలు, దాళ్వాకి ఇన్ని" అంటారు. సార్వా అంటే వానాకాలపు వరి, దాళ్వా అంటే ఆ తర్వాతి రెండో పంట. చేలోకి ఎప్పుడు దిగాలో కాలువ చెబుతుంది, ఎప్పుడు ఖాళీ చెయ్యాలో కోత చెబుతుంది. ఇద్దరికీ తెలిసిందే కదా, మళ్లీ కాగితం ఎందుకు అనుకుంటారు. తేడా వచ్చిన రోజున మాత్రం పెద్దమనుషులు మొదట అడిగేది అదే: గడువు ఎప్పటిదాకా అనుకున్నారు? రైతు ఒకటి చెబుతాడు, భూమిగల ఆసామి ఇంకోటి చెబుతాడు. చాలాసార్లు ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఎవరి లెక్క వాళ్లది.

ఈ లెక్కల్లో అన్నిటికన్నా బలమైనది నీటి లెక్క. ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలువలు వచ్చాక డెల్టాలో ఏడాది అంటే నీళ్లు వదిలిన రోజు నుంచి కట్టేసే రోజు దాకా అన్నట్టు తయారైంది. ఎండాకాలంలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదులుతారు. నారుమడి, ఊడ్పు, కోత, దాళ్వా నారు, అప్పు తీర్చడం, కొత్త కౌలు మాట్లాడుకోవడం, అన్నీ ఆ నీటి వెనకే నడిచాయి.

పాలేరు ఒప్పందం కూడా అలాంటిదే. ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం, ఒక జత బట్టలు, పండక్కి ఇంత అని నోటిమాటగా కుదుర్చుకునేవారు. ఏడాది ఎప్పుడు మొదలవుతుందో చెప్పేవారు గానీ, మధ్యలో మానెయ్యాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, అప్పటిదాకా చేసిన పనికి ఎంత లెక్కగట్టాలి అనే మాటే ఉండేది కాదు. ముందుగా తీసుకున్న అప్పు ఉంటే ఆ ఏడాది ఎప్పటికీ ముగిసేది కాదు, తండ్రి అప్పు కొడుకు మీద పడేది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అలాంటి అప్పులను రద్దు చేసింది. గడువు లేని ఒప్పందం ఎవరిని ఎక్కువ దెబ్బతీస్తుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

రెండోది సర్కారు లెక్క. రెవెన్యూ రికార్డులు ఫసలీ ప్రకారం నడుస్తాయి, జూలై 1 నుంచి జూన్ 30 దాకా. నీటి ఏడాదికీ దీనికీ నెల తేడా. శిస్తు కిస్తీలు, అడంగల్‌లో (ఏ భూమి ఎవరు సాగు చేస్తున్నారో రాసే రికార్డు) సాగుదారు పేరు, అన్నీ ఫసలీలోనే ఉండేవి. ఊళ్లో భూమి లెక్కలు రాసే గ్రామాధికారి, అంటే కరణం, ఉన్నన్నాళ్లూ ఈ తేడా పెద్దగా ఇబ్బంది పెట్టలేదు, ఏ చెక్క ఎవరు దున్నుతున్నారో ఆయనకు నోటికి వచ్చు. ఆ తెలివి ఎక్కువగా పెద్ద ఆసాములకే పనికొచ్చిందన్నది కూడా నిజమే. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. నోటిమాట ఒప్పందాలు అలాగే ఉండిపోయాయి, వాటిని గుర్తుపెట్టుకునే మనిషి పోయాడు.

మూడోది కోర్టు లెక్క. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 46వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో గడువు రాయకపోతే పనిని సమంజసమైన కాలంలో చెయ్యాలి. ఎంత కాలం సమంజసం అన్నది ఆయా సందర్భాన్ని బట్టి తేలుతుంది. 55వ సెక్షన్ ఇంకో మెట్టు ఎక్కుతుంది. సమయమే ఒప్పందానికి ప్రాణం అని ఇద్దరూ అనుకుని ఉంటే, గడువు తప్పినప్పుడు అవతలివాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. లేదంటే ఒప్పందం నిలుస్తుంది, నష్టపరిహారం మాత్రమే అడగాలి.

ఇది చదివితే పొడిగా ఉంటుంది గానీ, చేలో నిలబడి చూస్తే అర్థమవుతుంది. జూన్‌లో అప్పగిస్తానన్న చేను ఆసామి జూలై చివరికి అప్పగించాడనుకోండి. నారు ముదిరిపోతుంది, ఊడ్పు వెనకబడుతుంది, కోత నవంబరులోకి జారుతుంది. నవంబరు అంటే తుపాన్ల నెల. 1996 నవంబరు 6న కోనసీమను దెబ్బతీసిన తుపాను చూసినవాళ్లకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. కాలువలకు నీళ్లు ముందే వదలాలని రైతులు పట్టుబట్టేది కూడా ఇందుకే. ఇక్కడ కౌలు ఒప్పందానికి సమయమే ప్రాణం. కానీ ఆ ముక్క రాసుకున్న కౌలు కాగితం నేను చూసింది బహు తక్కువ.

ఇక చట్టం నేరుగా గడువులో చెయ్యిపెట్టింది 1956లో. ఆంధ్ర ప్రాంత కౌలుదారీ చట్టం, కౌలు రాతపూర్వకంగా ఉండాలంది, కాలం ఆరేళ్లకు తగ్గకూడదంది. 1974 సవరణతో, భూమి అమ్మదలిస్తే ముందు కౌలుదారుకే చెప్పాలన్న నియమం కూడా చేరింది. ఉద్దేశం మంచిదే, ఏటేటా రైతును మార్చే పద్ధతి ఆగాలి. జరిగింది వేరు. ఆరేళ్లు కాగితం మీద పెడితే భూమి చేజారిపోతుందన్న టెన్షన్ ఆసాములకు పట్టుకుంది. అసలు కాగితమే మానేశారు. చట్టం ఇచ్చిన ఆరేళ్ల రక్షణ కాగితం ఉన్న కొద్దిమందికి దక్కింది, మిగతావాళ్లకు ఉన్న ఏడాది ఆధారం కూడా పోయింది.

ఆ భయం తగ్గించడానికే 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. కౌలు హక్కు మాట ఎత్తకుండా, పంట రుణం, నష్టపరిహారం అందేలా ఏడాదికి ఒక అర్హత కార్డు ఇస్తామంది. అదే ఏడాది సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. ధర గిట్టుబాటు కాక, కూలి ఖర్చులు పెరిగి, మురుగు పోక చేలు బీడు పెట్టారు. కార్డు ఒక్కటే చాలదని అప్పుడే తేలిపోయింది.

2019లో పంట సాగుదారు హక్కుల చట్టం 11 నెలల ఒప్పందాన్ని తెచ్చింది. దాని ఆధారంగా కౌలు రైతుకు సీసీఆర్‌సీ కార్డు, అంటే పంట సాగుదారు హక్కుల కార్డు ఇస్తారు. ఈ 11 నెలలు డెల్టాకు బాగానే సరిపోతాయి. జూన్‌లో మొదలుపెడితే ఏప్రిల్‌కి దాళ్వా ఇల్లు చేరుతుంది. నా అభ్యంతరం అది కాదు. ఒప్పందం ఎప్పుడు ముగియాలో చెప్పారు, అక్కడిదాకా నడిచే మెట్లకు తారీకులు పెట్టలేదు. ఒప్పందం మీద ఆసామి సంతకం కావాలి. ఆసామి హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. ఆయన పెట్టకపోతే ఎవరు కదపాలి, ఎన్నాళ్లలో? ఆగస్టులో కార్డు చేతికొస్తే ఎరువుకు, ఊడ్పు కూలికి అప్పు అప్పటికే వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చి ఉంటాడు. కాగితం మీద గడువు లోపలే వచ్చినట్టు, చేలో లెక్కన ఆలస్యం.

నోటిమాటతోనే సరిపెట్టుకునే రైతులకైనా కొన్ని తారీకులు తెల్లకాగితం మీద ఉండాలి. చేను అప్పగించే రోజు. వరద వస్తే ఎన్ని రోజుల్లో ఆసామికి చెప్పాలి, ఎవరు వచ్చి చూడాలి, మక్తాలో (ముందే ఖాయం చేసుకున్న కౌలులో) ఎంత తగ్గాలి. పంట నష్టపరిహారం ఎవరి ఖాతాలో పడితే ఎన్ని రోజుల్లో రెండోవాడికి ఇవ్వాలి. వచ్చే ఏడాది ఇవ్వనని చెప్పాలంటే దాళ్వా కోతకు ఎన్ని వారాల ముందు చెప్పాలి. నోటీసు ఏ చిరునామాకు, రిజిస్టర్డ్ పోస్టులోనా, వాట్సాప్ చాలా.

చేపల, రొయ్యల చెరువుల సంగతి ఇంకా కష్టం. వరి చేను తవ్వి చెరువు చేస్తే కౌలు మూడేళ్లు, ఐదేళ్లు ఉంటుంది, ఒప్పందం బాండు పేపరు మీదే రాస్తారు, ఏటా డబ్బు ఏ నెలలో కట్టాలో కూడా ఉంటుంది. ఆఖరి పట్టుబడి అయ్యాక నీళ్లు తోడటం, గట్లు తీసి చదును చెయ్యడం, మేట వేసిన బురద ఎత్తడం ఎవరి పని, ఎన్ని రోజుల్లో అన్నది మాత్రం ఖాళీ. ఆ ఖాళీ వల్ల పక్క చేనువాడికి ఉప్పు ఊట దిగుతూనే ఉంటుంది, ఆ ఒప్పందంలో అతని పేరు ఎక్కడా ఉండదు.