‘గమ్మున కూచో’ అన్న సలహా ఎక్కడి నుంచి వచ్చింది?

బేతంచెర్ల, తాడిపత్రి వైపు బండల పాలిష్ ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి దుమ్ము పీల్చినవాళ్లు, కందికట్టె, పత్తికట్టె పొయ్యిల ముందు వంట చేస్తూ ముసలితనానికి వచ్చిన ఆడవాళ్లు, బీడీ మానలేనివాళ్లు, ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవాళ్లు. కర్నూలు, అనంతపురం, కడప పెద్దాసుపత్రుల్లో ఛాతీ ఓపీ దగ్గర ఇలాంటివాళ్లు కనిపిస్తారు. చీటీ మీద సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకై గాలి సరిగా ఆడని దీర్ఘకాల జబ్బు) అని ఉండొచ్చు, సిలికోసిస్ (రాతి దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) అని ఉండొచ్చు. ఇంటికి పోయాక మాత్రం అందరికీ వినబడేది ఒకటే: “నాయినా, నువ్వు గమ్మున కూచో, మేం చూసుకుంటాం.” ప్రేమతో అనేదే. కానీ రోగిని ఒంట్లోనూ మనసులోనూ కుంగదీసే సలహా అది. వైద్యులే ఒకప్పుడు ఇచ్చిన సలహా కూడా. మెల్లటి వ్యాయామమే మేలని తేలడానికి చాలాకాలం పట్టింది.

క్షయకు మందు లేని రోజుల్లో విశ్రాంతే మందు. అప్పుడైనా అందరూ ఒప్పుకోలేదు. జర్మనీలో 1850లలో హెర్మన్ బ్రెమర్ అనే డాక్టరు తన రోగుల్ని కొండదారుల్లో నడిపించేవాడు. ఆయన దగ్గరే వైద్యం పొంది, తర్వాత సహాయకుడైన డెట్‌వైలర్ మాత్రం పడక కుర్చీల వైపు మొగ్గాడు. ఇంగ్లండులోని ఫ్రిమ్లీలో 1905 తర్వాత మార్కస్ పేటర్సన్ రోగుల చేత ముందు నడక, ఆపై మట్టి బుట్టలు మోయడం, ఆపై పార పని, ఇలా మెట్టుమెట్టుగా చేయించాడు. చివరికి నిలిచింది పడక పద్ధతే. మన వైపు మదనపల్లె ఆరోగ్యవరం శానిటోరియం (క్షయ రోగుల్ని ఉంచుకుని చూసే ఆసుపత్రి) 1915లో మొదలైంది.  మంచి గాలి, మంచి తిండి, కదలకుండా పడుకోవడం అన్న మూడు మాటలు ఊపిరితిత్తుల జబ్బంటేనే జనం నోట్లో స్థిరపడిన కాలం అది.

ఈ నమ్మకాన్ని కదిలించింది మద్రాసు. 1956లో అక్కడ పెట్టిన టీబీ చికిత్సా పరిశోధన కేంద్రం, శానిటోరియంలో మంచం పట్టినవాళ్లనూ పేటల్లోని ఇళ్లలోనే మందులు మింగినవాళ్లనూ పోల్చి 1959లో ఫలితాలు ప్రకటించింది. ఇళ్లలో ఉన్నవాళ్ల తిండి అంతంతమాత్రం, విశ్రాంతి తక్కువ, చాలామంది పనికీ పోయారు. అయినా ఇద్దరికీ దాదాపు ఒకేలా తగ్గింది. నయం చేసింది మంచం కాదు, మందు. ప్రపంచమంతా టీబీ వైద్యం ఆ దెబ్బతో మారింది. మిగతా ఊపిరితిత్తుల జబ్బులకు మాత్రం పాత సలహా అలాగే అతుక్కుపోయింది.

ఆ జబ్బుల దారి వేరే చోట మళ్లింది. 1952లో అమెరికాలో ఆల్వన్ బారాక్ అనే డాక్టరు, ఆయాసం ఉన్నవాళ్లను మెల్లగా నడిపిస్తే ఓపిక పెరుగుతోందని రాశాడు. 1960లలో డెన్వర్‌లో థామస్ పెటీ బృందం నడక, శ్వాస పద్ధతులు, ఆక్సిజన్, ఇంటివాళ్లకు శిక్షణ కలిపి ఒక కార్యక్రమంగా మార్చింది. మందులతో ఊపిరితిత్తి మారనప్పుడు వ్యాయామం ఏం మార్చగలదన్న అనుమానం చాలాకాలం నిలిచింది. 1991లో కాసబూరి అనే పరిశోధకుడు దానికి జవాబు చూపించాడు. మారేది ఊపిరితిత్తి కాదు, కండరం. కూర్చుని కూర్చుని తొడ కండరాలు చచ్చుబడితే నాలుగడుగులకే లాక్టిక్ ఆమ్లం చేరుతుంది. దాన్ని సరిచేయడానికి ఇంకా ఎక్కువ ఊపిరి కావాలి. కండరానికి అలవాటు చేస్తే అదే పనికి తక్కువ ఊపిరి సరిపోతుంది.

మనసు సంగతి దాని వెంటే వచ్చింది. 1970ల నాటికే డొనాల్డ్ డడ్లీ అనే అమెరికన్ సైకియాట్రిస్టు ఈ రోగులు కోపం, ఏడుపు, చివరికి సంతోషం కూడా అణుచుకుని బతుకుతారని గమనించాడు. ఏ ఉద్వేగం వచ్చినా ఊపిరి వేగం మారుతుంది, ఆ మార్పే భయం. భయం వేస్తే ఊపిరి పొట్టిదవుతుంది. సీఓపీడీలో గాలి లోపలికి పోయినంత తేలిగ్గా బయటికి రాదు కాబట్టి, పొట్టి ఊపిర్లతో లోపలే చిక్కుకుపోతుంది. ఛాతీ బిగుస్తుంది, భయం రెట్టింపవుతుంది. మెల్లటి వ్యాయామం ఇక్కడే పని చేస్తుంది. ఆయాసం రావడం, దానంతటది తగ్గడం, ప్రాణం పోకపోవడం రోజూ ఒంటికి తెలిసొస్తుంది. మాటలతో ధైర్యం చెప్పడం కంటే ఇది బలమైనదని మా అభిప్రాయం. 1998లో ఎమరీ అనే పరిశోధకుడి బృందం సీఓపీడీ ఉన్న 79 మంది పెద్దవాళ్లపై పది వారాలు చేసిన ప్రయోగంలో, జబ్బు గురించి పాఠాలు, ఒత్తిడి తగ్గించుకునే పద్ధతులు మాత్రమే నేర్చుకున్నవాళ్లకు తగ్గని ఆందోళన వ్యాయామం చేసినవాళ్లకు తగ్గింది. 2015లో 65 ప్రయోగాలను, 3822 మంది రోగులను కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థ సమీక్షలో ఆయాసం, నీరసం తగ్గడంతో పాటు మనసు స్థితి కూడా మెరుగైంది. ఒడిశాలో 81 మంది బొగ్గు గని కార్మికులపై జరిగిన ప్రయోగంలో యోగాతో ఆయాసం, అలసట తగ్గాయి. బండల పని చేసినవాళ్లకు ఇది దగ్గరి ఉదాహరణ.

ఊళ్లలో ఇది ఎలా కుదురుతుందన్న ప్రశ్నకు మెల్‌బోర్న్‌లో 166 మందిపై చేసి 2017లో ప్రచురించిన ప్రయోగం కొంత దారి చూపింది. ఫిజియోథెరపిస్టు ఒకసారి ఇంటికి వెళ్లి, ఆ తర్వాత వారానికొకటి చొప్పున ఏడు ఫోన్ కాల్స్ చేస్తే, ఎనిమిది వారాల తర్వాత ఫలితం ఆసుపత్రికి వచ్చినవాళ్లతో సమానంగానే ఉంది. పత్తికొండ నుంచో, కదిరి నుంచో వారానికి రెండుసార్లు బస్సెక్కడం ఆయాసం మనిషికి అయ్యే పని కాదు మరి.

మొదలుపెట్టే ముందు ఒక్కసారి మాత్రం ఆసుపత్రికి పోక తప్పదు. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు, ఛాతీ నొప్పి ఉన్నవాళ్లు, కళ్లెలో రక్తం పడేవాళ్లు, టీబీ మందులు కొత్తగా మొదలైనవాళ్లు డాక్టరు సరే అనేదాకా ఆగాలి. ముప్పై మీటర్ల వరండాలో ఆరు నిమిషాల నడక పరీక్ష చేయించుకుంటే, రెండు నెలల తర్వాత పోల్చుకోవడానికి ఒక అంకె ఉంటుంది. ముప్పై మీటర్లు పెరిగినా అసలైన మార్పే.

మొదటి వారం అయిదు నిమిషాల నడక చొప్పున, మధ్యలో అరుగు మీద కూర్చుంటూ, రోజుకు రెండు మూడు విడతలు చాలు. రెండు మూడు రోజులకోసారి ఒక్కో నిమిషం పెంచుతూ ఇరవై, ముప్పై నిమిషాలకు చేరాలి. వారానికి అయిదు రోజులు, కనీసం ఎనిమిది వారాలు. వేగానికి కొలత బోర్గ్ స్కేలు. సున్నా అంటే ఆయాసమే లేదు, పది అంటే భరించలేనంత. మూడు, నాలుగు దగ్గర ఉండాలి, అంటే చిన్న చిన్న మాటలు మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. ముక్కుతో రెండు లెక్కపెట్టే లోపు పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి నాలుగు లెక్కపెడుతూ వదలాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం ఎనిమిదిసార్లు, అర లీటరు నీళ్ల సీసాలు రెండు చేతులా ఎత్తడం ఎనిమిదిసార్లు, వారానికి మూడు రోజులు. లేచేటప్పుడు, ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. బిందె ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం చాలామందికి అలవాటు. అక్కడే ఎగపోత మొదలవుతుంది.

ఎక్కువగా చెడేది ఒంట్లో బాగున్న రోజే. హుషారుగా రెండు కిలోమీటర్లు నడిచి, మూడు రోజులు పడుకుని, ‘నడక నాకు పడదు’ అనుకుంటారు. వేసవిలో ఎండ నలభై దాటే ఈ జిల్లాల్లో ఉదయం ఏడు లోపే నడక ముగించాలి. చలికాలంలో తిరగబడుతుంది, పొగమంచు, చెత్త మంటల పొగ విడిపోయి ఎండ వచ్చాకే బయటికి పోవాలి. తిన్న వెంటనే నడిస్తే నిండిన కడుపు ఊపిరికి అడ్డం, గంటన్నరైనా ఆగాలి. నడకకు పదిహేను నిమిషాల ముందు పీల్చమని డాక్టరు సాల్‌బుటమాల్ (ఊపిరి గొట్టాలను వదులు చేసే మందు) రాసిచ్చి ఉంటే స్పేసర్‌తో, అంటే ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టంతో పీల్చాలి. లేకపోతే మందు చాలావరకు గొంతులోనే ఆగుతుంది. కోవిడ్ నాడు కొన్న ఆక్సీమీటరు ఇప్పుడు పనికొస్తుంది. గోరింటాకు, నెయిల్ పాలిష్, చల్లటి వేళ్లు అంకెను తప్పు చూపించవచ్చని గుర్తుంచుకోవాలి. నడిచేటప్పుడు 88 కంటే దిగితే ఆగి కూర్చోవాలి. రోజూ అలాగే దిగుతుంటే డాక్టరుకు చెప్పాలి.

భయంతో వచ్చిన ఆయాసమా, జబ్బు ముదిరిందా అనేది ఇంట్లోవాళ్లు తేల్చుకోవలసిన చిక్కు ప్రశ్న. ముందుకు వంగి మోచేతులు మోకాళ్లపై ఆనించి, పెదాలు చుట్టి ఊపిరి వదులుతుంటే అయిదు పది నిమిషాల్లో దిగేది సాధారణంగా మొదటిది. కళ్లె ఎక్కువై రంగు మారడం, జ్వరం, కాళ్ల వాపు, మత్తు, పెదాలు నీలంగా మారడం ఉంటే అది భయం కాదు. 108కి ఫోన్ చేయాలి. నిద్ర పట్టడం లేదని మెడికల్ షాపులో నిద్రమాత్రలు అడిగి తెచ్చుకోవడం ఇక్కడ ప్రమాదం, ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి. దిగులు రెండు వారాలు దాటినా, బతకాలని లేదన్న మాట వచ్చినా నడకతో సరిపెట్టకూడదు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలిమానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఎమరీ బృందం వ్యాయామం చేసిన రోగుల్ని ఏడాది తర్వాత మళ్లీ చూసింది. వ్యాయామం కొనసాగించినవాళ్లకు లాభం నిలిచింది, మానేసినవాళ్లకు పోయింది. ఆసుపత్రిలో పడినా, పెళ్లికి ఊరెళ్లినా, వడగాలికి పది రోజులు ఇంట్లో ఉండిపోయినా, మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఆపిన చోటు నుంచి కాకుండా అందులో సగం నిమిషాలతో మొదలుపెట్టాలి.