ఐస్‌లాండ్‌లో గాలికీ మంచుకీ భూకంపానికీ ఒకే కార్యాలయం ఎందుకు?

ఐస్‌లాండ్‌లో రేపు వాన పడుతుందో లేదో చెప్పే వాతావరణ కార్యాలయమే భూకంపాలనూ అగ్నిపర్వతాలనూ హిమానీనదాలనూ నదుల వరదలనూ రాత్రింబవళ్లు కనిపెట్టి ఉంటుంది. ఇన్ని బాధ్యతలు ఒకచోట చేరడానికి అక్కడి నేల స్వభావమే కారణం. దేశ విస్తీర్ణంలో దాదాపు పదో వంతు మంచు కింద ఉంది. కాట్లా, గ్రిమ్స్‌వోట్న్, బార్దార్‌బుంగా వంటి ప్రమాదకరమైన అగ్నిపర్వతాలు ఆ మంచు అడుగునే ఉన్నాయి. శిలాద్రవం పైకి లేస్తే ముందు నేల కంపిస్తుంది, తరువాత మంచు కరిగి వరదవుతుంది, ఆపైన బూడిద ఏ గాలికి ఎటు పోతుందో చూడవలసి వస్తుంది.

1783 జూన్‌లో లాకి వద్ద సుమారు 27 కిలోమీటర్ల పొడవున నేల పగిలి, ఎనిమిది నెలలు లావా పారినప్పుడు ఇలా కనిపెట్టే ఏర్పాటేదీ లేదు. విషవాయువులకు పచ్చిక పాడై పశువులు చచ్చాయి. వెన్నంటి వచ్చిన కరువులో జనాభాలో దాదాపు ఐదో వంతు మరణించింది. 1845లో స్టిక్కిస్‌హోల్ముర్ అనే రేవు పట్టణంలో ఆర్ని థోర్లాసియుస్ అనే వర్తకుడు వాతావరణ కొలతలను క్రమం తప్పకుండా రాయడం మొదలుపెట్టాడు. ప్రభుత్వ కార్యాలయం 1920లో ఏర్పడి, కొన్నేళ్లలోనే భూకంపాల నమోదునూ చేపట్టింది.

మంచు కొలత మొదలైన తీరును ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఆ కార్యాలయంలో పనిచేసిన యోన్ ఏయ్‌థోర్సన్ 1930 ప్రాంతంలో హిమానీనదాల చెంత నివసించే రైతులను ఈ పనిలోకి తెచ్చారు. మంచు అంచుకు ఎదురుగా నేలపై ఒక గుర్తు నిలిపి, ఏటా శరదృతువులో అక్కడి నుంచి మంచు మొదలయ్యే చోటిదాకా దూరం కొలిచి రాసి పంపడమే ఆ పని. మంచు ఎంత వెనక్కి తగ్గిందో ఈనాడు ధీమాగా చెప్పగలుగుతున్నామంటే, జీతం ఆశించని ఆ మనుషుల ఓపికే కారణం.

1990ల మొదట్లో, ప్రకంపనల చోటును కంప్యూటర్లే గుర్తించే భూకంప నమోదు కేంద్రాల వ్యవస్థ దక్షిణ ఐస్‌లాండ్‌లో పని మొదలుపెట్టింది. 1996 సెప్టెంబరు 29న బార్దార్‌బుంగా వద్ద పెద్ద భూకంపం నమోదైంది. మరునాడు వాట్నయోకుల్ మంచు కింద విస్ఫోటం మొదలైంది. కరిగిన నీరు వెంటనే బయటపడలేదు. గ్రిమ్స్‌వోట్న్ అగ్నిపర్వత బిలంలోని సరస్సులో, మంచు మూత కింద, ఐదు వారాల పాటు చేరుతూ పోయింది. నవంబరు 5న అది ఒక్కసారిగా తెంచుకొని, సెకనుకు సుమారు 45 వేల ఘనపు మీటర్ల ఉధృతితో, ఇళ్లంతేసి మంచుగడ్డలను దొర్లించుకుంటూ స్కెయిదరార్సాండుర్ ఇసుక మైదానం మీది రోడ్డునూ వంతెనలనూ ధ్వంసం చేసింది. వరద రావడం ఖాయమని ముందే తెలిసినందువల్ల ఒక్క ప్రాణమూ పోలేదు.

2010లో ఏయాఫ్యాత్లయోకుల్ అగ్నిపర్వతం చిమ్మిన బూడిద వల్ల సుమారు లక్ష విమాన ప్రయాణాలు రద్దయినప్పుడు గానీ ప్రపంచం ఈ దేశం వైపు చూడలేదు. నా దృష్టిలో అసలు మలుపు అంతకు ముందే వచ్చింది. 1995లో సూదావిక్, ఫ్లాతేయిరి గ్రామాల మీద విరుచుకుపడ్డ మంచుచరియలు 34 మందిని బలిగొన్నాక ఆ ముప్పును అంచనా వేసే బాధ్యతా ఈ కార్యాలయానికే వచ్చింది. 2009లో నదులను కొలిచే సంస్థ కూడా ఇందులో కలిసింది.

2023 నవంబరు 10న ఎడతెగని ప్రకంపనలనూ నేల కదలికనూ బట్టి, శిలాద్రవం గ్రిందావిక్ ఊరి కిందికే పాకుతోందని గుర్తించి, ఆ రాత్రే సుమారు 3,800 మందిని ఖాళీ చేయించారు. ఊరికి ఉత్తరాన డిసెంబరు 18న లావా పైకి వచ్చింది. 2024 జనవరి 14న మళ్లీ ఎగసిన లావా ఊరి అంచున మూడు ఇళ్లను కాల్చినప్పుడు, తెల్లవారకముందే అందిన హెచ్చరికతో జనం మరోసారి తరలిపోయి ఉన్నారు.