బైపీసీ పుస్తకం పేచీ: బొద్దింక ఎక్కడ పోయింది?

కాలేజీలు తెరిచే రోజులు వచ్చాయంటే ఈ గొడవ మళ్లీ లేస్తుంది. బైపీసీలో చేరిన పిల్లకి ఏ బయాలజీ పుస్తకం కొనాలి? ఇక్కడి ఇంటర్ కోసం తెలుగు అకాడమీ వేసే బోటనీ, జువాలజీలా, కేంద్ర పాఠ్యపుస్తక సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ బయాలజీయా, లేక కాలేజీ వాళ్లు ఇచ్చే మెటీరియల్ చాలా? 2025-26 నుంచి ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డు మొదటి సంవత్సరానికి ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ తెచ్చి, బోటనీ, జువాలజీలను కలిపి 85 మార్కుల బయాలజీ పేపరు చేసింది. అదే ఏడాది తెలంగాణలో అవి ఎప్పటిలాగే రెండు పేపర్లు, ఒక్కోటి 60 మార్కులకి. అన్న విజయవాడలో, చెల్లెలు ఖమ్మంలో చదివితే ఒకరి పుస్తకం ఒకరికి పనికిరాని పరిస్థితి.

తెలుగు అకాడమీ 1968లో ఎందుకు పుట్టింది, అందులో పీవీ నరసింహారావు పాత్ర ఏమిటి అన్నది చాలామందికి తెలిసిన కథే, వదిలేద్దాం. 2025 నిర్ణయం దగ్గర మొదలుపెట్టినా ఈ పేచీ అర్థం కాదు. అసలు మలుపు 2016 ఏప్రిల్‌లో ఉంది.

అంతకుముందు సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, ఎంచుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు. ఇంటర్ పరీక్షకి చదివిన పుస్తకమే, మెడికల్ సీట్లకి రాష్ట్రం పెట్టే ప్రవేశ పరీక్ష ఎంసెట్‌కీ పుస్తకం. మెడికల్ ఎంసెట్‌లో 160 మార్కులుంటే అందులో సగం బయాలజీ: బోటనీ 40, జువాలజీ 40. జవాబుల కీ మీద ఎవరైనా అభ్యంతరం పెడితే అకాడమీ పుస్తకంలో ఫలానా పేజీ చూపించేవారు, అదే సాక్ష్యం. చదువుల్లో, ఉద్యోగాల్లో స్థానికులకి రక్షణ ఇచ్చే రాజ్యాంగ అధికరణం 371డి కారణంగా మన దగ్గర మెడికల్ సీట్లు, దేశంలో ఎవరైనా పోటీ పడగలిగే 15 శాతం జాతీయ కోటాలో కలవలేదు. కాబట్టి ఢిల్లీలో ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారో మనకి అక్కర్లేకపోయింది. ఆ కోటాలో రెండు రాష్ట్రాలూ చేరింది 2018-19లోనే.

దేశమంతటికీ ఒకటే మెడికల్ ప్రవేశ పరీక్ష, నీట్, మొదటిసారి 2013 మే 5న జరిగింది. జులై 18న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. 2016 ఏప్రిల్ 11న అదే కోర్టు తన పాత తీర్పును వెనక్కి తీసుకుంది. ఆ నెలాఖరులోనే, ఈ ఏడాదే నీట్ పెట్టాలి, మే 1న ఒక విడత, జులై 24న ఇంకో విడత అని ఆదేశం. ఇంటర్ పరీక్షలు రాసి ఎంసెట్ కోసం అకాడమీ పుస్తకాలు తిరగేస్తున్న పిల్లల చేతికి ఒక్కసారిగా కొత్త పుస్తకం వచ్చి పడింది. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల బయాలజీ కోసం అప్పుడు జరిగిన పరుగు ఆ ఏడాది పిల్లల్ని అడిగితే ఇప్పటికీ చెబుతారు. మే 24న కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చి రాష్ట్ర ప్రభుత్వ సీట్లకి ఆ ఒక్క ఏడాదీ మినహాయింపు ఇచ్చింది. దాంతో మళ్లీ అకాడమీ పుస్తకమే చేతిలోకి. తెలంగాణ పిల్లల టెన్షన్ అక్కడితో కూడా తీరలేదు: మెడికల్ సీట్ల కోసం విడిగా జులై 9న రాసిన ఎంసెట్-2 పేపరు లీకై రద్దయింది, సెప్టెంబరు 11న ఎంసెట్-3 రాశారు. ఒకే వేసవిలో రెండు సిలబస్‌లు, మూడు పరీక్షలు చూసిన బ్యాచ్ అది.

2017 మే 7 నుంచి మినహాయింపు పోయింది. ఎంసెట్‌లో మెడికల్ లేదు, వ్యవసాయం, ఫార్మసీ వగైరా మిగిలాయి. (తర్వాత పేర్లూ మారాయి. ఆంధ్రాలో 2021 నుంచి ఈఏపీసెట్, తెలంగాణలో 2024 నుంచి ఎప్‌సెట్.) పాఠం రాసేవాళ్లు హైదరాబాద్‌లో, ప్రశ్న వేసేవాళ్లు ఢిల్లీలో అయింది ఆ రోజునే. 720 మార్కుల నీట్‌లో 360 బయాలజీవే కాబట్టి ‘ఎన్‌సీఈఆర్‌టీ లైన్ బై లైన్’ అన్న మాట కోచింగ్ వాళ్ల నోట మంత్రమైంది.

అకాడమీ పుస్తకం పాతబడిపోయింది, ఎన్‌సీఈఆర్‌టీ కొత్తది అన్న వాదన కూడా ఆ మంత్రంతోనే వ్యాపించింది. తేదీలు చూస్తే అది నిలవదు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి బయాలజీ 2006 నాటిది, పన్నెండోది 2007 నాటిది. మన ఇంటర్ సైన్స్ సిలబస్‌ని జాతీయ ఉమ్మడి సిలబస్‌కి దగ్గరగా తిరగరాసింది 2012-13లో మొదటి సంవత్సరానికి, ఆ మరుసటేడు రెండో సంవత్సరానికి. అంటే మన పుస్తకమే వయసులో చిన్నది. అందులో ఎన్‌సీఈఆర్‌టీ విషయం చాలామటుకు చేరింది, దాని మీద మనవాళ్లు వదులుకోలేనివి కొన్ని మిగిలాయి. పుస్తకం లావెక్కిన మాట నిజం. పాతబడిందన్న మాట వేరు.

వదులుకోలేని వాటిలో ఒకటి బొద్దింక. జువాలజీ మొదటి సంవత్సరంలో పెరిప్లానెటా అమెరికానాకి (బొద్దింక శాస్త్రీయ నామం) ఒక యూనిట్టే ఉంది. ‘బొద్దింక జీర్ణవ్యవస్థను వర్ణించి, చక్కని పటం గీసి, భాగాలను గుర్తించండి’ అన్నది తరతరాల 8 మార్కుల ప్రశ్న. తిన్నది నిలవుండే అన్నాశయం సంచిలా రావాలి, దాని కింద దాన్ని నలిపే అంతరజఠరం, ఆ తర్వాత జీర్ణరసాలిచ్చే హెపాటిక్ సీకాలు ఆరు నుంచి ఎనిమిది వేళ్లలా, ఇంకా కిందికి విసర్జనకి పనికొచ్చే మాల్ఫీజియన్ నాళికలు పసుపు దారాల్లా. సీకాలు మరిచిపోతే దిద్దే మాస్టారు ఎర్ర పెన్నుతో సున్నా చుడతారు. పటం చేత్తో గీసిన పిల్లకి తిన్నది ఎటు నుంచి ఎటు పోతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఎన్‌సీఈఆర్‌టీలో కూడా బొద్దింక ఉండేది, వానపాముతో పాటు. 2023 ముద్రణలో రెండూ పోయాయి, కప్ప మిగిలింది. కరోనా తర్వాత భారం తగ్గించే పేరుతో చేసిన కోతలో పదకొండో తరగతి 22 అధ్యాయాలు 19 అయ్యాయి, పన్నెండోది 16 నుంచి 13కి దిగింది. పదకొండులో జీర్ణక్రియ అధ్యాయం మొత్తానికి మొత్తం లేదు. మొక్కల్లో రవాణా లేదు, ఖనిజ పోషణ లేదు. పన్నెండులో పర్యావరణ సమస్యలు లేవు. 2024 నీట్ సిలబస్ కూడా దానికి తగ్గట్టే కుదించుకుంది. డాక్టర్ కావాలనుకునే పిల్ల చదివే పుస్తకంలో అన్నం ఎలా అరుగుతుందో లేకపోవడం గురించి ఇక్కడ ఎవరూ పెద్దగా మాట్లాడలేదు, ఎందుకంటే చదవాల్సింది తగ్గిందని అప్పటికి సంతోషం.

2025 మార్పును సమర్థించేవాళ్ల మాట ఇది: పిల్లలు రెండు పుస్తకాలు మోస్తున్నారు, జాతీయ పోటీలో వెనకబడుతున్నారు, ఒకే సిలబస్ అయితే భారం తగ్గుతుంది. నీట్ రాసేవాళ్ల వరకు ఇందులో న్యాయం ఉంది. కార్పొరేట్ కాలేజీలకి మాత్రం ఏ సిలబస్ అయినా ఒకటే. వాళ్ల పిల్లలు చదివేది ఎప్పుడూ వాళ్ల మెటీరియలే.

ప్రభుత్వ జూనియర్ కాలేజీ లెక్చరర్ల మాట వేరుగా ఉంటుంది, అది తక్కువ వినబడుతుంది. వాళ్ల క్లాసులో నీట్ రాసేది కొందరే. మిగతావాళ్లలో కొందరు ఈఏపీసెట్ ర్యాంకుతో అగ్రికల్చర్‌కో, బీఫార్మసీకో వెళ్తారు. కొందరు నర్సింగ్, కొందరు డిగ్రీ. ఈ పిల్లలకి పుస్తకం అంటే పరీక్షలో తమ వాక్యాలతో నాలుగు పేజీలు రాయడం నేర్పేది. బుడగలు దిద్దే పరీక్షకి సరిపడా కుదించిన వాక్యాలు ఇక్కడ చాలవు. పైగా ఎన్‌సీఈఆర్‌టీ తన పుస్తకం ముద్రించేది ఇంగ్లిష్, హిందీ, ఉర్దూల్లో. తెలుగు మీడియం పిల్లకి పుష్పవిన్యాసం, అండన్యాసం, ద్విఫలదీకరణ అన్న మాటలు దొరికింది అకాడమీ పుస్తకంలోనే. నీట్ పేపరు తెలుగులోనూ ఇస్తారు గానీ, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది అని నిబంధన. పదకోశం ఎవరిదన్నది చిన్న విషయంగా కొట్టిపారేసే వాళ్లు ఈ నిబంధన ఒకసారి చదవాలి.

బోటనీ లెక్చరర్, జువాలజీ లెక్చరర్ ఇద్దరూ ఉన్న కాలేజీలో ఒకే బయాలజీ పేపరు అంటే ఎవరి అధ్యాయం ఎవరిది అన్న పంచాయితీ కూడా ఉంది. చాలాచోట్ల మొక్కలు మీవి, జంతువులు మావి అని పంచుకుంటారు. కణం దగ్గర, జీవాణువుల (బయోమాలిక్యూల్స్) దగ్గర పేచీ వస్తుంది. అక్కడ టైమ్‌టేబుల్ వేసే ప్రిన్సిపాల్ గారి మాటే ఫైనల్.

హైదరాబాద్ కోఠీలో పాత పుస్తకాల వరసలో ఈ మధ్య ఒక తండ్రి బైపీసీ ఫస్టియర్ పుస్తకాలు అడుగుతుంటే పక్కనే ఉన్నాను. ‘ఆంధ్రాలో చేర్పించారా, ఇక్కడేనా?’ అన్నాడు షాపతను. ఇక్కడే అన్నాక జువాలజీ తీసిచ్చాడు. పాపకి నీట్ కూడా ఉందని తెలిసి ఎన్‌సీఈఆర్‌టీ పదకొండోది తీశాడు. ‘ఇది పాతది, ఇందులో ఎక్కువ పాఠాలున్నాయి, సగం ధరకిస్తా. కొత్తది సన్నగా ఉంటది, రేటెక్కువ.’ ఆయన రెండూ చేతుల్లో పట్టుకుని బరువు చూశాడు. చివరికి ఇంటికి ఫోన్ చేశాడు, పాపని అడుగుదామని.