గడ్డి మడిలో పొటాష్ లెక్క

హెక్టారు నేపియర్ అనే పశుగ్రాసపు గడ్డి నుంచి ఏడాదికి 100 టన్నుల పచ్చిగడ్డి కోశారనుకుందాం. ఎండితే 20 టన్నులు. అందులో పొటాషియం 2 శాతమే ఉన్నా 400 కిలోలు మడి దాటిపోయినట్టే. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అనే ఎరువు (సగం బరువు పొటాషియమే) 50 కిలోల బస్తాల్లో చెబితే పదహారు! వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే మిగులుతుంది. పశుగ్రాసంలోనైతే మనం కోసి ఇంటికి తెచ్చేదే గడ్డి.

మడిలో ఎంత మిగిలిందో మట్టి పరీక్ష చెబుతుంది. దానికి మట్టి నమూనాను గడ్డి కోశాక, ఎరువు వేయకముందు తీయాలి. గట్లు, పెంటకుప్పల చోటు, చెట్ల నీడ వదిలేసి 15-20 చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తవ్వి, కలిపి అరకిలోకు తగ్గించాలి. నీడలోనే ఆరబెట్టాలి. ఓవెన్‌లో పెడితే బంకమన్ను పొరల్లోని పొటాషియం కదిలి అంకె మారిపోతుంది.

ల్యాబ్‌లో 2 మిల్లీమీటర్ల జల్లెడ దిగిన మట్టి 5 గ్రాములకు, పీహెచ్ 7 ఉన్న, 'ఒక నార్మల్' గాఢత గల అమ్మోనియం ఎసిటేట్ ద్రావణం 25 మిల్లీలీటర్లు పోసి 5 నిమిషాలు కుదుపుతారు. వడకట్టిన ద్రవాన్ని ఫ్లేమ్ ఫోటోమీటర్ పీలుస్తుంది, మంట వెలుగును బట్టి అంకె చూపిస్తుంది. పోల్చి చూసే స్టాండర్డ్‌లను (పొటాషియం ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలను) ఉత్త నీళ్లలో కాక అదే ఎసిటేట్‌లో కలుపుకోవాలి. వాటి పరిధి దాటిన నమూనాను పలుచన చేసి మళ్లీ చదవాలి.

ద్రవంలో 12 పీపీఎం (పది లక్షల్లో 12 వంతులు) వస్తే, మట్టికి ఐదింతల ద్రవం పోశాం కాబట్టి మట్టిలో 60; దాన్ని హెక్టారు లెక్కలోకి మార్చే 2.24తో గుణిస్తే హెక్టారుకు 134 కిలోల పొటాషియం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. భూసార పరీక్ష కార్డులో 'తక్కువ'కు హద్దుగా కనిపించే 145 పొటాషియం లెక్క కాదు, పొటాష్ (కె2ఓ, అంటే పొటాషియం ఆక్సైడ్) లెక్క. 134ను 1.2తో గుణిస్తే 161. అంటే ఈ మడి 'మధ్యస్థం'.

ఇంతా చేసి ఈ పరీక్ష చూసేది బంకమన్ను రేణువుల పైన అంటుకున్న పొటాషియాన్నే. అమ్మోనియం అయాన్ సైజులో పొటాషియం లాంటిదే. పొరల అంచుల్లో ఇరుక్కుని లోపలి నిల్వకు తలుపు మూసేస్తుంది. గడ్డి వేళ్లు మాత్రం ఆ నిల్వనూ లాగుతాయి. అందుకే కొన్ని నేలల్లో కార్డు అంకె ఏళ్ల తరబడి కదలకపోయినా లోపల నిల్వ కరిగిపోతుంటుంది. అది తెలియాలంటే 2.5 గ్రాముల మట్టిని ఒక నార్మల్ నైట్రిక్ ఆమ్లంలో 10 నిమిషాలు మరిగించి, వచ్చిన మొత్తంలోంచి ఎసిటేట్ అంకె తీసేయాలి. గడ్డి మడికి ఈ రెండో పరీక్ష తప్పనిసరి అంటాను.

అలాగని పదహారు బస్తాలూ ఒకేసారి గుమ్మరించకూడదు. గడ్డి అవసరానికి మించి పొటాషియం తాగేస్తుంది, మెగ్నీషియం తగ్గుతుంది. పాడిపశువుకు వణుకుడు జబ్బు రావచ్చు. కోతకోతకూ కొంత వేయాలి. పశువు తిన్న పొటాషియంలో ఎక్కువ భాగం మూత్రంలో పోతుంది కాబట్టి కొట్టం కడిగిన నీళ్లు మడికి పారించడం మంచిదే. అయితే నీళ్లు దిగే మూల మట్టిని మిగతా మడితో కలపకుండా వేరే సంచిలో పంపాలి.