సిటీ రిపోర్టులో కనిపించేది మీ కస్టమర్ ఊరు కాదు: అపోహలు - వాస్తవాలు

చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లకు అనలిటిక్స్ చూడటం నా పని. నెలకు ఒక్కరైనా అదే స్క్రీన్‌షాట్ పంపుతారు. జీఏ4లో (సైట్‌ను ఎంతమంది, ఎక్కడి నుంచి చూశారో లెక్కగట్టే గూగుల్ అనలిటిక్స్‌లో) సిటీ రిపోర్టు, పైన హైదరాబాద్, దాని కింద చెన్నై, బెంగళూరు. వెంటనే ఫోన్: "మన ఊళ్ళో మనల్ని ఎవరూ చూడట్లేదండీ, లోకల్ యాడ్స్ ఆపేద్దాం."

దయచేసి ఆపకండి.

అపోహ: రిపోర్టులో హైదరాబాద్ అని ఉంటే ఆ మనిషి హైదరాబాద్‌లో ఉన్నట్టే.

వాస్తవం: రిపోర్టు ఊరిని ఐపీ అడ్రస్‌ను (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్‌కు ఇచ్చే నంబరును) బట్టి అంచనా వేస్తుంది, అంతే. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ అయితే చాలాసార్లు దగ్గర్లోని పట్నమే పడుతుంది. చిక్కంతా మొబైల్ డేటాతోనే. మీ ఫోన్ ఎక్కడున్నా, ట్రాఫిక్ టెలికాం కంపెనీ గేట్‌వే దాటాకే ఇంటర్నెట్‌లోకి వస్తుంది. ఆ గేట్‌వే ఉండేది ఏ పెద్ద నగరంలోనో. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో ఇప్పటికీ ఒకటే ఆంధ్రప్రదేశ్ సర్కిల్, తెలంగాణ కూడా అందులోనే. కాబట్టి టెక్కలి సంతలో నిలబడి మీ సైట్ తెరిచినా రిపోర్టులో హైదరాబాద్ పడొచ్చు.

ఆత్రేయపురం దగ్గర పూతరేకులు అమ్మే ఒకావిడ ఈ అపోహ వల్లే ఒక సీజన్ పోగొట్టుకున్నారు. శ్రావణమాసం పెళ్ళిళ్ళ ముందు ఎవరో చెప్పారని రాజమండ్రి, కాకినాడ, భీమవరం యాడ్స్ ఆపేసి డబ్బంతా హైదరాబాద్ మీద పెట్టారు. ఆర్డర్లు పడిపోయాయి. ఫోన్ చేసినప్పుడు ఆవిడ గొంతు వణుకుతోంది. "బాబూ, చూసేవాళ్ళంతా అక్కడే ఉన్నారని కంప్యూటరే చెప్పింది కదా, మరి కొనేవాళ్ళేరీ?"

సైట్‌లో ఎవరూ ఉండని వేళ చూసుకుని, తెల్లవారుజామునే వెళ్ళాను. లాప్‌టాప్‌లో రియల్‌టైమ్ రిపోర్టు తెరిచి, దుకాణం వైఫైలో ఉన్న ఆవిడ ఫోన్‌లో సైట్ తీశాం. రాజమండ్రి అని వచ్చింది. వైఫై ఆపి, మొబైల్ డేటా వేసి మళ్ళీ తీశాం. హైదరాబాద్! ఫోన్ మాత్రం రేకులు తీసే బోర్లించిన కుండ పక్కనే ఉంది, అంగుళం కదల్లేదు. ఆవిడ కాసేపు ఫోన్ వంక, కాసేపు నా వంక చూసి, "అయితే ఇన్నాళ్ళూ మా పక్కూరి వాళ్ళనే నేను హైదరాబాద్ వాళ్ళనుకున్నానా?" అన్నారు. ఆ తర్వాత పాత ఆర్డర్లు ముందేసుకుని పిన్‌కోడ్‌లు లెక్కపెట్టాం. గోదావరి జిల్లాల 533, 534తో మొదలయ్యేవే ఎక్కువ. హైదరాబాద్ 500లు ఎక్కడో ఒకటీ అరా.

దేశం వరకు రిపోర్టును చాలావరకు నమ్మొచ్చు. రాష్ట్రం దగ్గరికి వచ్చేసరికే జాగ్రత్తపడాలి. ఊరి విషయంలో మాత్రం మీ ఆర్డర్లలోని పిన్‌కోడ్‌నే అడగండి. ఆర్డర్లు ఫోన్లో వచ్చే వ్యాపారమైతే ఊరికొక కూపన్ కోడ్ పెట్టండి, లేదా "ఏ ఊరండీ?" అని నోరారా అడిగి రాసుకోండి. ఒక్క నెల చేస్తే చాలు, బొమ్మ స్పష్టంగా కనిపిస్తుంది.

అపోహ: అమెరికా నుంచి విజిట్లు వస్తున్నాయంటే అక్కడ మనకు గిరాకీ ఉన్నట్టే.

వాస్తవం: ఊరి పేరు చూడండి. వర్జీనియాలోని యాష్‌బర్న్, అయోవాలోని కౌన్సిల్ బ్లఫ్స్ డేటా సెంటర్ల ఊళ్ళు. అక్కడి నుంచి వచ్చేవాటిలో చాలా భాగం బాట్లే, అంటే మనుషులు కాదు, వాటంతటవే సైట్లు తిరిగే ప్రోగ్రాములు. తెలిసిన బాట్లను జీఏ4 తనే తీసేస్తుంది గానీ అన్నిటినీ పట్టుకోలేదు. అలాగని యాష్‌బర్న్‌ను మొత్తంగా కొట్టేయకండి, ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. డెస్క్‌టాప్ నుంచి వచ్చి, ఒక్క పేజీ తాకి, సున్నా సెకన్లలో పోతే అది దాదాపు బాటే. వాళ్ళ సాయంత్రం వేళ ఫోన్‌లో వచ్చి నాలుగు పేజీలు తిరగేస్తే మనిషే అయ్యుండొచ్చు. విదేశాలకు పంపే ప్యాకింగ్ మీద డబ్బు పెట్టే ముందు ఈ రెండిటినీ విడదీసి చూడండి.

అపోహ: గూగుల్ యాడ్స్‌లో ఊరు ఎంచుకుంటే ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళకే యాడ్ కనిపిస్తుంది. కాదు. ఆ ఊరిపై ఆసక్తి చూపినవాళ్ళకు కూడా చూపించే ఆప్షన్ ముందే ఎంచుకుని ఉంటుంది. లొకేషన్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి మార్చుకోండి.

అపోహ: ఐపీ దొరికితే ఇంటి అడ్రస్ దొరికినట్టే.

ఇది అడిగేవాళ్ళు నిజంగా భయపడి అడుగుతారు, చాలామంది ఆడపిల్లలు. "నీ ఐపీ దొరికింది, ఇంటికొస్తా" అని ఎవడో మెసేజ్ పెట్టి ఉంటాడు. అమ్మా, ఒక్క ఐపీతో వాడికి మీ వీధి కూడా తెలియదు. మొబైల్ డేటాలో ఒకే ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు. అందులో మీరెవరో చెప్పగలిగేది కంపెనీ రికార్డులే. పోలీసులు కూడా చట్టప్రకారం అడిగితేనే కంపెనీ ఆ వివరాలిస్తుంది.

ఐపీ మ్యాప్‌ను నమ్మితే ఎంత అనర్థమో అమెరికాలో జరిగింది. మ్యాక్స్‌మైండ్ అనే కంపెనీ డేటాబేస్‌లో, దేశం తప్ప ఏమీ తెలియని ఐపీలన్నిటికీ దేశం మధ్యలో ఒక బిందువు పెట్టారు. అది కాన్సస్‌లో పాట్విన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక పొలంలో పడింది. 60 కోట్లకు పైగా ఐపీలు ఆ ఇంటినే చూపించాయి. ఎక్కడో జరిగిన నేరాలకు, మోసాలకు పోలీసులూ కొత్త మనుషులూ ఏళ్ళ తరబడి ఆ గుమ్మం ముందుకే వచ్చారు. 2016లో విషయం పత్రికలకెక్కాక ఆ బిందువును జలాశయం మధ్యకు జరిపారు.

మీకు అలాంటి బెదిరింపు వచ్చి ఉంటే జవాబివ్వకండి. స్క్రీన్‌షాట్లు దాచుకుని, ఇంట్లో ఒకరికి చెప్పి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి.