ఏడో నెల కాన్పు: పాత మద్రాసు ప్రేమకథల వెనక ఉన్న చరిత్ర

పాత మద్రాసులో జరిగే తెలుగు ప్రేమకథల్లో ఒక మలుపు మళ్ళీ మళ్ళీ వస్తుంది. నెల్లూరు నుంచో గుంటూరు నుంచో చదువుకోసం వచ్చిన అమ్మాయి హాస్టల్లో ఉంటుంది. మెరీనా ఒడ్డున ఒకబ్బాయి పరిచయమవుతాడు. అతను ఉద్యోగమని వెళ్ళిపోయి ఉత్తరాలు మానేస్తాడు. ఆమెకు నెల తప్పుతుంది. ఇంట్లో ఏడుపులూ దెబ్బలూ అయ్యాక మూడు వారాల్లో ముహూర్తం పెడతారు. వరుడు ఎక్కడో దూరపు బంధువు, వయసులో పెద్ద, మాట తక్కువ మనిషి. పెళ్ళయిన ఏడు నెలలకు బిడ్డ పుడితే "ఏడో నెల కాన్పండీ, దేవుడి దయ" అని అమ్మమ్మ వీధంతా చెప్పుకొస్తుంది. మిగతా కథ ఆ భార్యాభర్తలు ఒకే కప్పు కింద పరాయివాళ్ళలా బతకడం గురించి, ఎప్పటికో ఒకరినొకరు కళ్ళెత్తి చూసుకోవడం గురించి.

నేను టీ నగర్‌లో పుట్టి పెరిగాను. చిన్నప్పుడు పెద్దవాళ్ళు "ఏడో నెలలో పుట్టినవాళ్ళు బతుకుతారు, ఎనిమిదో నెలలో పుట్టినవాళ్ళు బతకరు" అంటుంటే అది వైద్యమే అనుకునేదాన్ని. ఆ మాట ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది ఆడపిల్లలను కాపాడిందో తర్వాత గాని అర్థం కాలేదు. ఈ కథలు చదివినప్పుడల్లా నన్ను ఒకే ప్రశ్న వెంటాడుతుంది. ఎందుకంత తొందర? ఎవరో ఒకరు తాళి కడితే చాలని ఎందుకు అనుకున్నారు? పరువు కోసం అన్నది నిజమే, కానీ అది సగం జవాబే. మిగతా సగం చట్టాల్లో ఉంది.

అసలు ఈ పరిస్థితి మనవాళ్ళకు కొత్త కాదు. ధర్మశాస్త్రాలు చెప్పిన పన్నెండు రకాల కొడుకుల్లో కానీనుడు ఒకడు, సహోఢుడు ఇంకొకడు. పెళ్ళి కాని పిల్లకు పుట్టినవాడు కానీనుడు. పెళ్ళినాటికే తల్లి కడుపులో ఉన్నవాడు సహోఢుడు. ఇద్దరూ ఆమెను పెళ్ళాడినవాడికే చెందుతారని మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. భారతం చదివినవాళ్ళకు కానీనులు తెలిసినవాళ్ళే. సత్యవతికి పెళ్ళికి ముందు పుట్టిన వ్యాసుడు మహర్షి అయ్యాడు. కుంతికి పుట్టిన కర్ణుడు పెట్టెలో నదిపాలయ్యాడు. ఒకే రకం పుట్టుకకు రెండు వేర్వేరు బతుకులు. తల్లి ధైర్యంగా "వీడు నా కొడుకు" అనగలిగిందా లేదా అన్నదే తేడా.

బ్రిటిష్ కోర్టులు వచ్చాక ఈ పాత మాటే జమీందారీ తగాదాల్లో పైకి వచ్చింది. తిరుచ్చి దగ్గరి మరుంగాపురి జమీందారీ వారసత్వం దావాలో 1874లో ప్రివీ కౌన్సిల్, అంటే అప్పట్లో లండన్‌లో ఉన్న చివరి అప్పీలు కోర్టు, ఒక సంగతి తేల్చింది. బిడ్డ పుట్టేనాటికి తల్లికి పెళ్ళయి ఉంటే చాలు, గర్భం కూడా పెళ్ళి తర్వాతే రావాలని హిందూ ధర్మశాస్త్రం అడగదు అంది. దానికి రెండేళ్ళ ముందే, 1872లో, సాక్ష్య చట్టం వచ్చింది. అందులో 112వ సెక్షన్ ఈ కథలన్నిటికీ ఇరుసు లాంటిది. పెళ్ళి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. పెళ్ళి రద్దయినా, తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకోకపోతే, 280 రోజుల లోపు పుట్టిన బిడ్డ కూడా అతని బిడ్డే. బిడ్డ కడుపులో పడిన రోజుల్లో ఆ ఇద్దరికీ కలిసే వీలే లేదని రుజువు చేస్తే తప్ప దానికి తిరుగు లేదు.

ముహూర్తం మూడు వారాల్లో ఎందుకు పెట్టారో ఇక్కడ తెలుస్తుంది. బిడ్డ పుట్టకముందే తాళి పడాలి. తాళి పడితే బిడ్డకు ఇంటిపేరు, తండ్రి పేరు, ఆస్తి హక్కు అన్నీ వస్తాయి. పడకపోతే ఏమీ రావు. ఒక్క చిక్కు మాత్రం మిగిలేది. "అప్పటికి ఆమె ఎవరో కూడా నాకు తెలియదు" అని భర్త కోర్టుకెక్కితే అంతా కూలిపోతుంది. అంటే ఆ బిడ్డ బతుకంతా అతని మౌనం మీద ఆధారపడి ఉంది. ఆ కథల్లో భర్త మాట తక్కువ మనిషి అయి ఉండటానికి కారణం నాకు ఇదేననిపిస్తుంది. అతను నోరు విప్పకపోవడమే అతను ఆమెకు పెట్టిన భిక్ష, అదే ఆమె మెడ మీద కత్తి కూడా. ప్రేమ లేని ఆ కాపురంలో అసలు బాధ అదే.

ఈ కథలు ఎక్కువగా 1940ల నుంచి 1960ల మధ్య జరగడానికీ కారణం ఉంది. అంతకుముందు తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో, ఇంకొన్ని పై కులాల్లో ఆడపిల్ల ఈడేరకముందే పెళ్ళయిపోయేది. అక్కడ పెళ్ళి కాని గర్భం దాదాపు ఉండేది కాదు. ఉన్నది వితంతువు గర్భం. పదమూడేళ్ళకు బొట్టు చెరిపించి, పాతికేళ్ళకు కడుపు బయటపడితే నూతికో నాటు మందుకో పంపేవారు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించడం వెనక ఆ చావులన్నీ ఉన్నాయి. శారదా చట్టం 1930 ఏప్రిల్‌లో అమలుకు వచ్చి ఆడపిల్ల పెళ్ళి వయసు 14 అంది. కాగితం మీదే ఎక్కువ నిలిచినా, చదువుకున్న ఇళ్ళల్లో పెళ్ళి వెనక్కి జరిగింది. మద్రాసులో 1914లో మొదలైన ఆడపిల్లల కాలేజీ తర్వాత క్వీన్ మేరీస్ అయింది. 1915లో విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ, 1948లో ఎతిరాజ్ వచ్చాయి. ఈడొచ్చాక పెళ్ళి కాకుండా, ఇంటికి దూరంగా, సొంత ఇష్టాయిష్టాలతో కొన్నేళ్ళు బతికిన మొదటి తరం ఆడపిల్లలు వీళ్ళే. ప్రేమకు చోటు దొరికింది. ఆ ప్రేమకు ఏదైనా జరిగితే ఆదుకునే ఏర్పాటు మాత్రం ఇంకా పుట్టలేదు.

గర్భం తీయించుకోవడం అప్పట్లో నేరం. 1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ ప్రకారం తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భస్రావం చేస్తే మూడేళ్ళ దాకా, కడుపులో బిడ్డ కదలిక వచ్చాక అయితే ఏడేళ్ళ దాకా జైలు. ఆ శిక్ష తల్లికి కూడా వర్తించేది. ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రి 1844 నుంచి ఉంది, ట్రిప్లికేన్‌లోని గోషా ఆసుపత్రి 1885లో మొదలైంది. కానీ చీటీ మీద భర్త పేరు అడుగుతారన్న భయంతో ఎంతమంది గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగారో. పచ్చి బొప్పాయి, మంత్రసాని పుల్ల, గన్నేరు పప్పు అన్న మాటలు మా అమ్మ తరం ఆడవాళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవారు. వాటిలో మొదటివి గర్భం పోవడానికి, చివరిది మనిషే పోవడానికి.

ఇక పెళ్ళయ్యాక బయటపడే దారి ఉందా? ఆచారం ఒప్పుకున్న కొన్ని కులాల్లో విడాకులు, మారు మనువు ఉండేవి. మిగతా హిందువులకు లేదు. భర్తకు నచ్చకపోతే రెండో పెళ్ళి చేసుకోవచ్చు, భార్యకు అదీ లేదు.

అలాంటి రోజుల్లోనే ఒక తెలుగు అమ్మాయి వేరే దారి వేసుకుంది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. పెద్దయ్యాక కాపురానికి వెళ్ళనంది. తనకు ఆ పెళ్ళి ఇష్టం లేదని, అతన్ని వేరే పెళ్ళి చేసుకోమని ముఖం మీదే చెప్పింది. ఇంట్లోవాళ్ళు ఆమె పక్కన నిలబడ్డారు. అది చాలా పెద్ద విషయం, ఎందుకంటే ఈ కథల్లో ఏ అమ్మాయికీ దొరకనిది అదే. ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళకు, భర్త వదిలేసినవాళ్ళకు, వితంతువులకు మళ్ళీ పరీక్షలు రాయించి పని చేతికిచ్చింది. తర్వాత రాజ్యాంగ సభకు వెళ్ళింది. 1953లో, 43 ఏళ్ళ వయసులో, తనకు నచ్చిన సి.డి. దేశ్‌ముఖ్‌ను, అప్పటి కేంద్ర ఆర్థిక మంత్రిని, పెళ్ళి చేసుకుంది.

మద్రాసులో ఆమెకు ముందే దారి వేసినవాళ్ళున్నారు. అందరూ 'సిస్టర్' అని పిలిచిన బాల్యవితంతువు సుబ్బలక్ష్మి మెరీనా మీది ఐస్‌హౌస్‌లో వితంతువులను ఉంచి చదివించింది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి తనను సమానంగా చూస్తానని మాట ఇచ్చాకే సుందర రెడ్డిని పెళ్ళాడింది. ఆమె 1930లో తన తలుపు తట్టిన దేవదాసీ కుటుంబాల పిల్లలను ఇంట్లో ఉంచుకోవడంతో మొదలైనదే అవ్వై ఇల్లం అనే ఆశ్రమం. పత్రికలూ ఉండేవి. డాక్టర్ కేసరి 1928లో పెట్టిన గృహలక్ష్మి మద్రాసు నుంచే వచ్చేది. ఆంధ్రప్రభ వారపత్రికలో మాలతీ చందూర్ ప్రశ్నలకు జవాబులిచ్చే ప్రమదావనం శీర్షిక దశాబ్దాలు నడిచింది. తల్లితో చెప్పుకోలేని సంగతులు తెలుగు ఆడవాళ్ళు మద్రాసుకు ఉత్తరం రాసి అడిగేవారు.

చట్టం మెల్లగా కదిలింది. దేశమంతటికీ చట్టం రాకముందే మద్రాసు రాష్ట్రం 1949లో హిందువుల్లో రెండో పెళ్ళిని నిషేధించి విడాకులకు వీలిచ్చింది. 1955లో హిందూ వివాహ చట్టం దేశమంతటికీ వచ్చింది. దానిలో ఒక క్లాజు ఈ కథల్లోని భర్త కోసమే రాసినట్టుంటుంది. పెళ్ళినాటికే భార్య వేరొకరి వల్ల గర్భవతి అయి ఉండి, ఆ సంగతి భర్తకు తెలియకపోతే, పెళ్ళిని రద్దు చేయమని అతను అడగవచ్చు. కానీ పెళ్ళయిన ఏడాది లోపు అడగాలి, సంగతి తెలిశాక ఆమెతో కాపురం చేసి ఉండకూడదు. అంటే ఆ ఇంట్లో మొదటి ఏడాది ఒక గడువు. బిడ్డ పుట్టి, నామకరణమై, పాకే దశ దాకా ఆమె ప్రతి రోజూ లెక్క పెట్టుకుని ఉండాలి. మోసపోయిన మగవాడికి న్యాయం కావాల్సిందే, అది నేను కాదనను. కానీ ఆమెను అడగకుండా మూడు వారాల్లో పెళ్ళి చేసిన పెద్దల గురించి ఆ క్లాజులో ఒక్క మాట లేదు.

గర్భస్రావ చట్టం 1971లో వచ్చింది, మరుసటి ఏప్రిల్ నుంచి అమలైంది. 18 నిండిన స్త్రీకి తన అంగీకారం ఒక్కటే చాలు, తండ్రి సంతకం, భర్త సంతకం అక్కర్లేదు. అయినా గర్భనిరోధక సాధనం విఫలమైతే అన్న కారణం దగ్గర "వివాహిత, లేదా ఆమె భర్త" అని రాశారు. పెళ్ళి కానిదానికి ఆ గీత అవతలే చోటు. ఆ మాట "స్త్రీ, లేదా ఆమె భాగస్వామి"గా మారడానికి 2021 దాకా పట్టింది. 20 నుంచి 24 వారాల గర్భం తీయించుకునే విషయంలో కూడా పెళ్ళి కాని స్త్రీని వేరుగా చూడకూడదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న చెప్పింది. పరస్పర అంగీకారంతో విడాకులు 1976లో వచ్చాయి.

కాపురానికి రమ్మని కోర్టు ద్వారా పిలిపించే హక్కు మాత్రం ఇంకా ఉంది. మద్రాసులో స్కూలు చదివే వయసులోనే తిరుపతిలో పెళ్ళయిందని చెబుతూ భర్త ఒక సినీ నటి మీద వేసిన కేసులో, ఆ హక్కునిచ్చే సెక్షన్ స్త్రీ ఒంటి మీద ఆమెకున్న హక్కును కాలరాస్తుందని 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జస్టిస్ పి.ఎ. చౌదరి కొట్టేశారు. మరుసటి ఏడాదే ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. ఇక్కడే చెన్నైలో, పెళ్ళికి ముందు సంబంధాల్లో అమ్మాయిలు గర్భం, జబ్బులు రాకుండా జాగ్రత్త పడాలని 2005లో నటి ఖుష్బూ అన్నందుకు ఆమె మీద 23 కేసులు పెట్టారు. అవన్నీ కొట్టేయించుకోవడానికి ఆమెకు 2010 దాకా పట్టింది.

పెళ్ళి కాని తల్లి బిడ్డ తండ్రి పేరు చెప్పకుండానే సంరక్షకురాలు కావచ్చని, జనన ధ్రువపత్రం పొందవచ్చని 2015 జులైలో సుప్రీంకోర్టు అంది. ఆ తీర్పు వచ్చిన రోజు నాకు గుర్తుంది. మా వీధి చివర ఒక పెద్దావిడ ఉండేవారు. నాకు వరసకు అత్తయ్య. పేపరు నా చేతిలోంచి తీసుకుని ఆ వార్త రెండుసార్లు చదివి, మడిచి బీరువాలో పెట్టుకున్నారు. నేనేమీ అడగలేదు.

1872 సాక్ష్య చట్టం స్థానంలో కొత్త చట్టం 2024 జులై 1న అమల్లోకి వచ్చింది. 112వ సెక్షన్ ఇప్పుడు 116 అయింది. లోపల 280 రోజుల లెక్క అలాగే ఉంది. అత్తయ్య కొడుకు ఈ మధ్యే రిటైర్ అయ్యాడు. అతను ఏడో నెలలో పుట్టాడని ఆవిడ ఇప్పటికీ చెబుతారు.